గుమ్మంలో కూర్చున్న బంట్రోతులు

అనగనగా ఒక ఊరు. దాని పేరు కండెలపాలెం. ఊరంటే పెద్ద ఊరనుకునేవు, ఉన్నది ఒకటే వీధి. ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరూ నేతగాళ్ళే. తెల్లారితే చాలు, ఇంటింటా మగ్గం చప్పుడు.

కాళ్ళు దుప్పట్లో పెట్టుకోవే. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నా. మధ్యలో భయమేసిందని మీ అమ్మ దగ్గరికి పరిగెత్తావో, రేపట్నించి నీకు కథా లేదు, గిథా లేదు.

ఆ వీధిలో భావనయ్య అని ఒక నేతగాడు ఉండేవాడు. పెళ్ళాం పేరు పేరిందేవి. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఆదెమ్మ. నీ అంతే ఉండేది, నీలాగే వాగుడుకాయ. నాన్న మగ్గంలో నేస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే తెలుసుగా? నూలు చుట్టి, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే పుల్ల. చుడుతూ చుడుతూ నాన్నకి కబుర్లు చెప్పేది. ఆయన "ఊఁ" అంటూ నేసుకునేవాడు.

అలా ఉండగా, సముద్రం మీంచి ఓడలో దొరలు వచ్చారు. ఊరికి దగ్గర్లోనే ఇసక మెట్ట మీద సరుకు దాచుకునే కొఠీ ఒకటి కట్టుకున్నారు. పెద్ద గోడ, పెద్ద తలుపు. మొదట్లో ఎంత మంచివాళ్ళో! మీ బట్ట బంగారం అన్నారు. ఎంత నేసినా మేమే కొంటాం అన్నారు. మన వాళ్ళు మురిసిపోయారు. వెర్రిబాగులవాళ్ళు, తేనె పూసిన మాటలకి పడిపోయారు.

ఆ తర్వాత ఏమైంది? ఒకనాడు దొర తరఫున గుమాస్తా వచ్చాడు. మన వాడే, మన మాటే మాట్లాడతాడు, కానీ దొర కన్నా వాడికే పొగరెక్కువ. "ఇకనించి మగ్గానికి పన్ను కట్టాలి" అన్నాడు. మా తాతల నాటి మగ్గానికి నీకెందుకురా పన్ను అని అందరికీ అనాలనే ఉంది. ఎవరూ అనలేదు. గొణుక్కుంటూ కట్టారు.

మళ్ళీ వచ్చాడు. "ఇకనించి నేసిన ప్రతి బట్ట తానూ కొఠీకే ఇవ్వాలి. బయట అమ్మితే కొరడా" అన్నాడు. తన కూతురి పెళ్ళికి తను చీర నేసుకోకూడదుట, విన్నావా విడ్డూరం! అప్పుడు పెద్దవాళ్ళు కొందరు కొఠీకి వెళ్ళి మొర పెట్టుకుందామని తలుపు ముందు నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చింది, పొద్దు వాలింది. దొర బయటికే రాలేదు. తలపాగాలు దులుపుకుని తిరిగొచ్చారు.

మూడోసారి వచ్చాడు. "నేతగాడన్నవాడు ఊరు దాటి వెళ్ళకూడదు. ఎవరి తాను ఆలస్యమైతే వాళ్ళ ఇంటి మీద బంట్రోతు కూర్చుంటాడు. తాను అయ్యేదాకా లేవడు. వాడికి తిండి మీరే పెట్టాలి" అన్నాడు. ఆ వేళే ఊరికున్న మూడు దార్లలోనూ కర్రలు పట్టుకున్న మనుషుల్ని నిలబెట్టాడు.

అప్పట్నించి పట్టుకుందమ్మా భయం. ఎవరింటి ముందైనా కర్ర చప్పుడైతే పక్కింటి వాళ్ళు తలుపు మూసుకునేవాళ్ళు. మన ఇంటికి రాలేదు కదా, అదే పదివేలు అనుకునేవాళ్ళు. కష్టం అందరిదీ, ఏడుపు మాత్రం ఎవరింట్లో వాళ్ళది. నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఒక్కడైనా గొంతెత్తకపోయాడే అని. కానీ వాళ్ళ చోట నేనుంటే? ఏమో, నేనూ తలుపు మూసుకునేదాన్నేనేమో.

అలా ఉండగా భావనయ్యకి జ్వరం వచ్చింది. మంచం దిగలేదు. తాను ఆలస్యమైంది.

అప్పుడు మొదటి బంట్రోతు వచ్చాడు. వాడు పొట్టివాడు. అరుగు మీద కూర్చున్నాడు. అస్తమానం కర్రతో నేల మీద కొడుతూ "ఏమైంది తాను? ఏమైంది తాను?" అని అరిచేవాడు. వాడికి పేరిందేవి అన్నం వండి పెట్టింది. వాడు తిన్నాక మిగిలింది ముగ్గురూ తిన్నారు.

ఆ తర్వాత రెండో బంట్రోతు వచ్చాడు. వాడివి ఇంతింత మీసాలు. వాడు అరుగు మీద కూర్చోలేదు, గుమ్మంలోనే కూర్చున్నాడు. ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే వాడి కాళ్ళు దాటాలి. వీళ్ళిద్దరూ తిన్నాక ఇంట్లో అన్నం మిగల్లేదు, గంజి మాత్రమే మిగిలింది. ఆ గంజే ముగ్గురూ తాగారు.

అక్కడే వచ్చింది చిక్కు. నేతగాడి ఇంట్లో గంజి తాగడానికి కాదే తల్లీ, నూలుకి పెట్టడానికి. పడుగు దారాలకి గంజి పట్టిస్తేనే అవి గట్టిగా నిలుస్తాయి. గంజి కాస్తా కడుపులోకి పోతే దారానికేం మిగులుతుంది? జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా భావనయ్య లేచి నేయబోతే, మగ్గం మీద పడుగు పుటుక్కు పుటుక్కుమని తెగిపోయేది. తెగిన ప్రతి దారమూ ముడేసుకోవాలి. తాను ఇంకా ఆలస్యం. తాను ఆలస్యమైతే ఇంకో బంట్రోతు. చూశావా, ఉచ్చు ఎలా బిగించారో!

అప్పుడు మూడో బంట్రోతు వచ్చాడు. వీడు పొట్టివాడు కాదు, పొడుగువాడు కాదు. అరవడు, కొట్టడు, అసలు మాట్లాడడు. తిన్నగా లోపలికి వచ్చి, మగ్గం గుంట గట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని ఆదెమ్మని చూస్తూ ఉండేవాడు, అంతే. రెప్ప వేసేవాడు కాదుట. ఆ పిల్ల వాగుడు ఆ రోజుతో ఆగిపోయింది. కండె చుడుతున్నంతసేపూ తల ఎత్తేది కాదు.

అదిగో, నా చెయ్యి పట్టుకున్నావు. పట్టుకో, నేనేమీ అనను. ఎక్కడికీ పోను.

ఆ తర్వాత గుమాస్తా మళ్ళీ వచ్చాడు. మంచం మీద మూలుగుతున్న భావనయ్యని చూశాడు, మగ్గాన్ని చూశాడు, ఆదెమ్మని చూశాడు. "అమావాస్య నాటికి తాను నా చేతిలో పడాలి. పడకపోతే పిల్లని తీసుకుపోతాం. కొఠీలో కండెలు చుట్టడానికి చిన్న వేళ్ళు కావాలి" అన్నాడు. ఉత్త బెదిరింపు కాదది. అంతకుముందే అదే వీధిలో రెండిళ్ళ పిల్లల్ని తీసుకుపోయారు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. ఆ తల్లులు గుమ్మంలో కూర్చుని వీధి చివరకి చూస్తూ ఉండేవాళ్ళు.

అప్పుడు పేరిందేవి ఏం చేసింది? కొంగు బిగించి మగ్గంలోకి దిగింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నూలు వడికేవాళ్ళు, పడుగుకి ఆసు పోసేవాళ్ళు గానీ మగ్గంలోకి దిగేవాళ్ళు కాదు. నలుగురూ ఏమనుకుంటారో అని కూడా చూడలేదావిడ. ఎదురుగా ఆ మాట్లాడనివాడు కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆవిడ నేస్తూనే ఉంది. తెగితే ముడేసింది, మళ్ళీ నేసింది. చేతులు పుళ్ళు పడ్డాయి.

తాను దాదాపు అయిపోయింది. ఇంకొక్క మూరెడు మిగిలింది. ఆ మూరెడు మిగిలి ఉండగా అమావాస్య వచ్చింది.

అమావాస్య నాడు నేతగాళ్ళు మగ్గం ముట్టుకోరే తల్లీ. ఆ రోజు మగ్గానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుంటారు. నాడె ఆడిందా, వంశానికి అరిష్టం అంటారు. ఆ వీధిలో పుట్టిన పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. "ఈ పూట వెళ్ళనీ, రేపు పొద్దున్నే ఆ మూరెడూ నేసి ఇచ్చేద్దాం. అమావాస్య నాడు తాను అడగకూడదని గుమాస్తాకి మాత్రం తెలియదా, వాడూ ఇక్కడివాడేగా" అన్నాడు భావనయ్య. పేరిందేవి సరేనని మగ్గం దిగింది. ఎంత పని చేశారు! కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు, ఆ గుమాస్తా మంచితనాన్ని నమ్ముకున్నారు.

పొద్దెక్కేసరికి గుమాస్తా వచ్చాడు. మగ్గానికి ఇంకా పసుపు తడి ఆరలేదు. వాడు చెప్పులతోనే లోపలికి వచ్చాడు. మొల్లోంచి చాకు తీశాడు. పూర్తికాని తాను మీద కత్తి పెట్టకూడదమ్మా, అది ప్రాణం తియ్యడంతో సమానం. పేరిందేవి "వద్దు బాబూ, వద్దు" అని కాళ్ళ మీద పడింది. వాడు పర్రుమని అడ్డంగా కోసేశాడు. తాను చుట్టి చంకన పెట్టుకున్నాడు. "మూరెడు తక్కువ" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట్లాడని బంట్రోతు లేచి, ఆదెమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మిగతా ఇద్దరు బంట్రోతులూ లేచి వాళ్ళ వెనకే నడిచారు.

ఆ పిల్ల ఏడవలేదుట. భయం మరీ ఎక్కువైతే ఏడుపు కూడా రాదు. అమ్మ వైపు చూసుకుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది. వీధి వీధంతా తలుపు సందుల్లోంచి చూసింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

దిండులో మొహం దాచుకుంటే ఊపిరాడదు. ఇలా తిరుగు. ఇంకా కథ అవలేదు కదా!

పేరిందేవి చాలాసేపు అలా నేల మీదే ఉండిపోయింది. మగ్గం మీద కోసిన పడుగు పోగులు వేలాడుతున్నాయి. అప్పుడు ఆవిడ లేచింది. వాటినన్నిటినీ తీసి, తెల్లగుడ్డలో చుట్టింది. పెరట్లోంచి రెండు వెదుళ్ళు తెచ్చి పాడె కట్టింది. ఆ మూటని పాడె మీద పడుకోబెట్టింది. జుట్టు విరబోసుకుని వీధిలోకి వచ్చి, గుండెలు బాదుకుంటూ ఏడుపు అందుకుంది. "మా ఇంట చావైందమ్మో" అంది.

చావు అంటే తలుపు మూసుకుని ఉండలేరుగా! అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. అందరూ వచ్చి పాడె మీద ఉన్నదేమిటో చూశారు. పక్కింటి సీతాలు, అంతకుముందు కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, ఆ పోగుల మీద పడి భోరుమంది. "మా ఇంట్లోనూ ఇలాగే కోశార్రా" అని ఒకడన్నాడు. "మా ఇంట్లోనూ" అని ఇంకొకడు. "మా ఇంట్లోనూ" అని వీధంతా. ఇన్నాళ్ళూ ఎవరికి వారు దాచుకున్నదంతా ఆ పాడె ముందు కక్కేశారు.

ఆ తర్వాత చావు కబురు బయల్దేరింది. నేతగాడు ఊరు దాటకూడదన్నారు కదా, కానీ చావు కబురు మోసుకెళ్ళేవాణ్ణి ఏ బంట్రోతు ఆపుతాడు? ఆపితే పాపం వాడికి చుట్టుకోదూ? మూడు దార్లలోనూ ముగ్గురు పరిగెత్తారు. చావు కబురు తెచ్చినవాణ్ణి ఎవరు పోయారని అడగకూడదని వాళ్ళలో ఒక కట్టుబాటు. కబురు చెవిన పడగానే మగ్గం ఆపి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని బయల్దేరాల్సిందే. ఒక ఊళ్ళో మగ్గాలు ఆగాయి. ఆ పక్క ఊళ్ళో ఆగాయి. ఆ పై ఊళ్ళో కూడా ఆగాయి.

మర్నాడు తెల్లారేసరికి మూడు దార్లలోనూ జనం. నేతగాళ్ళు వచ్చారు. వాళ్ళ వెంట నూలు వడికే ముసలమ్మలు, రంగులద్దేవాళ్ళు, బట్ట ఉతికేవాళ్ళు. పాడె చూసి ఒక పెద్దాయన "పోగులకి పాడేమిటే, ఇదేం అపచారమే!" అని కేకలేశాడు. పేరిందేవి తల ఎత్తి ఆయన్ని చూసి, "నీ ఇంటి మీద కూర్చోలేదా బాబాయ్ వాళ్ళు?" అంది. ఆ పెద్దాయన వంగి పాడె ఒక కొస భుజానికి ఎత్తుకున్నాడు.

ఎవరింట చావైతే ఆ ఇంటి మగవాడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. భావనయ్య జ్వరంతోనే లేచాడు. ఒంటి మీద నీళ్ళు పోసుకున్నాడు. నిప్పుకుండ పట్టుకుని తూలుతూ ముందు నడిచాడు. వెనక పాడె, ఆ వెనక డప్పు, ఆ వెనక జనం. తిన్నగా ఇసక మెట్ట మీదికి, కొఠీకి.

దారిలో కర్రల వాళ్ళు శవం వస్తోందని పక్కకి తప్పుకున్నారు. అలవాటు ప్రకారం తలపాగాలు తీసి నిలబడ్డారు కూడా. కొఠీ పెద్ద తలుపు ముందు పాడె దించారు. గుమాస్తా గోడ మీంచి తొంగి చూసి, "ఇక్కడ దించారేం, తియ్యండి తియ్యండి" అని గంతులేశాడు.

అప్పుడు పేరిందేవి అంది: "మీరు మా గుమ్మంలో కూర్చున్నారు. ఇవాళ మేం మీ గుమ్మంలో కూర్చున్నాం. మా పిల్లల్ని ఇస్తే లేస్తాం."

అంటూనే కూలబడింది. అందరూ ఇసకలో కూర్చున్నారు. ధైర్యం అనుకున్నావా? మెట్ట మీదికి ఎక్కేటప్పుడే సగం మంది ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు. గోడ మీద తుపాకులు బారులు తీరాయి. దొర వచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని ఏదో అరిచాడు. "లేవకపోతే కాలుస్తారుట" అన్నాడు గుమాస్తా. ఎవరూ లేవలేదు. సముద్రం చప్పుడు ఒక్కటే.

పైనున్న తుపాకీ వాళ్ళలో ఒకడు కుర్రాడు. అంతమంది నోరు మెదపకుండా తన వంకే చూస్తుంటే వాడికి చెమటలు పట్టాయి. వేలు మీట నొక్కేసింది. ఢాం అంది.

భావనయ్య ఒరిగిపోయాడు. నిప్పుకుండ పగిలి నిప్పులు ఇసకలో చెదిరాయి.

జనం అప్పుడు పారిపోవాలి కదా, ఎవరైనా పారిపోతారు. కొందరు లేచారు కూడా. కానీ పాపం, ఎలా పోతారు? శవం లేవందే అక్కణ్ణించి ఎవరూ కదలకూడదు. చావుకి వచ్చినవాళ్ళాయె. లేచినవాళ్ళు లేచినట్టే మళ్ళీ కూర్చున్నారు. పేరిందేవి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఏడుపు ఆపి అన్నది ఒకటే మాట. "నా బిడ్డ వస్తేనే ఈయన లేస్తాడు" అంది.

ఇంక చూడు కొఠీ లోపల సంగతి! దొరకి తెలియదు గానీ, లోపల పనిచేసేవాళ్ళంతా మన వాళ్ళేగా. గుమ్మంలో శవం ఉండగా ఏ ఇంట్లోనైనా పొయ్యి వెలిగిస్తారా? వంటవాడు పొయ్యి ఆర్పేశాడు. నీళ్ళు మోసేవాడు కావిడి దించేశాడు. బంట్రోతులు కర్రలు పక్కన పెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నారు. దొర అరిచాడు, కొట్టాడు, ఒక్కడూ లేవలేదు. పొట్టి బంట్రోతు మొదట ఏడ్చాడుట. ఆ తర్వాత మీసాలవాడు. చివరికి ఆ మాట్లాడనివాడు లేచి వెళ్ళి, పెద్ద తలుపు గడియ తీశాడు.

లోపల్నించి పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఆదెమ్మ అందరికన్నా వెనక వచ్చింది. ఎండకి కళ్ళు చికిలిస్తూ అమ్మని వెతుక్కుంది. పరిగెత్తుకుని వచ్చింది. నాన్న పడుకుని ఉన్నాడు. జ్వరం కదా, పడుకున్నాడనుకుంది.

"తాను అయిపోయిందా అమ్మా, అందుకే వదిలేశారా?" అని అడిగింది.

"అయిపోయిందే తల్లీ" అంది పేరిందేవి.

"మరి ఆ మిగిలిన మూరెడూ ఎవరు నేశారు?"

పేరిందేవి పిల్ల వెంట్రుకలు సర్దింది. "మీ నాన్నే" అంది.

పోగుల కోసం కట్టిన పాడె మీదే ఆయన్ని పెట్టుకుని వెళ్ళారు.

ఏడుస్తున్నావా? ఏడువు. నేను విన్నప్పుడు నేనూ ఏడ్చాను. మా అమ్మమ్మ ఊరుకో అనలేదు.

ఆ తర్వాత మళ్ళీ మూడు దార్లలోనూ చావు కబురు వెళ్ళింది. ఈసారి వెళ్ళింది నేతగాళ్ళ ఊళ్ళకే కాదు. ఉప్పు పండించేవాళ్ళు విన్నారు, వాళ్ళ ఉప్పు మీదా పన్నే. దున్నేవాళ్ళు విన్నారు, వాళ్ళ మీదా పన్నే. పడవలు నడిపేవాళ్ళు విన్నారు. ఎక్కడివాళ్ళక్కడ కాడి దించారు, తెడ్డు దించారు. ఆ యేడు దొరల ఓడ ఒక్క తాను కూడా లేకుండా ఉత్తదే వెళ్ళిపోయింది. తిరుగుబాటు, తిరుగుబాటు అని మీ బడి పుస్తకాల్లో ఉంటుందే, అది ఇలా మొదలవుతుందమ్మా.

మగ్గం పన్ను పోయిందా అంటావా? ఆ యేడు పోయింది. ఆ తర్వాత సిపాయిల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. వీళ్ళూ మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఇళ్ళు తగలబెట్టారు, అయినా కూర్చున్నారు. భయం పోయి కాదు. భయపడుతూనే, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఎన్నాళ్ళో, ఎన్నేళ్ళో. చివరికి ఓడలెక్కి వెళ్ళిపోయింది దొరలే.

ఆదెమ్మా? ఆదెమ్మ పెద్దదైంది. మగ్గంలోకి దిగి నేసింది. నేస్తూ నేస్తూ మళ్ళీ కబుర్లు చెప్పేదిట, మగ్గం దగ్గర వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా సరే. ఎవరితోనే ఆ కబుర్లు అని అడిగితే, "మా నాన్న ఊఁ అంటున్నాడుగా" అనేదిట.

సరే, కళ్ళు మూసుకో. గుమ్మంలో ఎవరూ లేరు, నేను చూశాను. ఉన్నది నేనే.

కథేమో కంచికి,
కండేమో నాడెకి,
దొరేమో ఓడకి,
నువ్వేమో నిద్దరకి,
నేనేమో... నీ పక్కకి.